మంటలార్పే పని వచ్చు.. మరి సర్టిఫికెట్ ఏదీ?

ఫైర్ సిబ్బంది పనితనానికి ప్రభుత్వ గుర్తింపు పొందే దారి
దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాల్లో పనిచేసే వారి కోసం సమాచార పత్రం

ఒక్క ముక్కలో చెప్పాలంటే

మీకు ఫైర్ పని వచ్చు, కానీ చేతిలో కాగితం లేదు. అలాంటప్పుడు మళ్లీ మొదటి నుంచి నెలల తరబడి క్లాసులకు పోనక్కర్లేదు. మీకు వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు అని దాని అర్థం. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకమైన పీఎం కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. ఈ పథకం కింద నడిచే బ్యాచ్‌లో చేరితే అభ్యర్థి ఫీజు కట్టాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త మాత్రం మొదటే చెప్పాలి. కాగితం ఉందా లేదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ కాగితం ఎవరిచ్చారు, దాన్ని ఎవరు ఒప్పుకుంటారు అన్నదే అసలు సంగతి. వేలకు వేలు పోసి తెచ్చుకున్న డిప్లొమా ఇంటర్వ్యూలో పక్కన పెట్టేయొచ్చు. పైసా ఖర్చు లేకుండా వచ్చిన సర్టిఫికెట్ మీ జీతం పెంచొచ్చు. ఈ తేడా ఎలా పట్టుకోవాలో కింద వివరంగా ఉంది. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ఇది ఎవరి కోసం?

– షాపింగ్ కాంప్లెక్స్, ఆస్పత్రి, హోటల్, అపార్ట్‌మెంట్, ఫంక్షన్ హాల్, సినిమా హాల్లో ఫైర్ గార్డుగా పనిచేస్తున్నవారు
– ఏజెన్సీల ద్వారా అగ్నిమాపక, విపత్తు స్పందన పనుల్లో ఉన్న ఔట్‌సోర్సింగ్ సిబ్బంది
– హోంగార్డులు, ఫైర్ పనిలో అనుభవం ఉన్న మాజీ సైనికులు
– ఎక్స్‌టింగ్విషర్లు నింపే, హైడ్రెంట్ పైపులు, అలారాలు బాగు చేసే టెక్నీషియన్లు
– రిటైరయ్యాక వేరే పని చూసుకోవాలనుకునే ఫైర్‌మెన్, డ్రైవర్ ఆపరేటర్లు
– ఈ రంగంలోకి కొత్తగా రావాలనుకునే యువత. వీరికి ఆర్‌పీఎల్ వర్తించదు, వేరే దారి ఉంది. ఆ వివరాలు కింద ఇచ్చాం.

మన దగ్గర ఈ సంగతి ఎందుకు ముఖ్యం?

మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ చౌరస్తా దాకా రోడ్డుకు రెండు వైపులా చూడండి. బట్టల షాపులు, బంగారం షాపులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఆస్పత్రులు. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీ నగర్ దాకా మెట్రో వచ్చాక ఈ రద్దీ ఇంకా పెరిగింది. పైన హాస్టల్, కింద హోటల్, సెల్లార్‌లో జనరేటర్ ఉన్న బిల్డింగులకు ఇక్కడ లెక్క లేదు.

ఫైర్ సర్వీస్ చట్టం ప్రకారం 18 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న నివాస భవనాలకు, 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. పెద్ద ఆస్పత్రులు, ఎత్తైన భవనాల్లో అర్హత ఉన్న ఫైర్ ఆఫీసర్, శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అంటే ఈ పనికి మనుషులు కావాలి, వాళ్లకు శిక్షణ ఉందని చూపే రుజువూ కావాలి.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో మన నగరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2019 అక్టోబర్‌లో ఎల్బీ నగర్‌లోని ఒక పిల్లల ఆస్పత్రిలో తెల్లవారుజామున మంటలు లేచి ఓ పసిబిడ్డ ప్రాణం పోయింది. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఎక్కడ మంట లేచినా ఫైరింజన్ వచ్చేలోపు గడిచే మొదటి కొన్ని నిమిషాలే కీలకం. ఆ నిమిషాల్లో బిల్డింగ్‌లో ఉండేది గార్డు, వార్డు బాయ్, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్. వాళ్లకు పని తెలిసి ఉంటే ప్రాణాలు నిలుస్తాయి.

మరి ఆ మనిషి పరిస్థితి ఏంటి? ఒక ఉదాహరణ చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ కాంప్లెక్స్‌లో ఎనిమిదేళ్లుగా ఫైర్ గార్డుగా ఉన్న వ్యక్తిని అనుకోండి. పంపు రూమ్ అతని చేతుల మీదే నడుస్తుంది. అలారం ప్యానెల్‌లో ఏ లైటు వెలిగితే ఏ అంతస్తో కళ్లు మూసుకుని చెప్తాడు. మాక్ డ్రిల్ అయితే ముందుండేది అతనే. ఇంతలో ఏజెన్సీ మారుతుంది. కొత్త ఏజెన్సీ వచ్చి, ‘సర్టిఫికెట్ ఉందా?’ అంటుంది. లేదంటే మామూలు సెక్యూరిటీ గార్డు జీతమే. ఎనిమిదేళ్ల అనుభవం ఒక్క పూటలో సున్నా అయిపోతుంది. ఈ పత్రం రాయడానికి కారణం ఇలాంటి వాళ్లే.

గుర్తింపు అంటే అసలేంటి?

మూడు పేర్లు గుర్తు పెట్టుకుంటే చాలు.

ఒకటి, ఎన్‌ఎస్‌క్యూఎఫ్. దేశంలోని వృత్తి నైపుణ్యాలన్నిటినీ మెట్లుగా పేర్చిన జాతీయ చట్రం ఇది. 2013 డిసెంబర్‌లో నోటిఫై అయింది. ఇప్పుడు ఇందులో 8 స్థాయిలున్నాయి, మధ్యలో అర స్థాయిలూ ఉన్నాయి. పదో తరగతిని 3వ స్థాయికి, ఇంటర్‌ను 4వ స్థాయికి సరిపోల్చారు. మీ సర్టిఫికెట్ మీద స్థాయి నంబర్ ఉంటుంది. అది చూస్తే మీరు ఏ మెట్టు మీద ఉన్నారో దేశంలో ఏ యాజమాన్యానికైనా అర్థమవుతుంది.

రెండు, ఎన్‌సీవీఈటీ. వృత్తి విద్యకు ఇది జాతీయ నియంత్రణ సంస్థ. 2020 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. ఏ సంస్థ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, ఏ సంస్థ పరీక్ష పెట్టొచ్చు అని అనుమతి ఇచ్చేది ఇదే. నేర్పేవాళ్లు వేరు, పరీక్ష పెట్టేవాళ్లు వేరు. ఈ విభజన వల్లే సర్టిఫికెట్‌కు విలువ.

మూడు, ఎన్‌క్యూఆర్. గుర్తింపు ఉన్న కోర్సులన్నిటి జాతీయ రిజిస్టర్ ఇది. ఎన్‌క్యూఆర్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఫోన్‌లో ఫైర్, సేఫ్టీ, ఎమర్జెన్సీ అనే మాటలతో వెతకండి. వచ్చిన జాబ్ రోల్స్‌లో మీ పనికి ఏది దగ్గరగా ఉందో చూస్కోండి. కోర్సు ఈ రిజిస్టర్‌లో ఉంటే గుర్తింపు ఉన్నట్టే. లేకపోతే ఎంత మెరిసే కాగితమైనా జాతీయ గుర్తింపు లేనట్టే.

వీటికి తోడు 2023లో జాతీయ క్రెడిట్ చట్రం వచ్చింది. 30 గంటల నేర్చుకోవడానికి ఒక క్రెడిట్ లెక్క. పని అనుభవానికి కూడా వెయిటేజీ ఇచ్చే వీలు ఇందులో ఉంది. ఈ క్రెడిట్లు మీ ఖాతాలో నిలవుంటాయి. రేపు డిప్లొమానో డిగ్రీనో చదవాలనుకుంటే ఉపయోగపడతాయి.

ఈ ఆలోచన మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో 1980ల నుంచే పనిచోట మనిషి పనితనాన్ని చూసి వృత్తి అర్హత ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడి ఫైర్‌ఫైటర్లూ అలాంటి అర్హతలు పొందారు. అమెరికాలో ఫైర్‌ఫైటర్ అర్హతలకు ప్రత్యేక ప్రమాణమే ఉంది.

ఆర్‌పీఎల్ ఎలా జరుగుతుంది? ఐదు మెట్లు

1. పేరు నమోదు. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో ఆధార్, ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ కావాలి. 2023 సెప్టెంబర్‌లో మొదలైన ఈ వేదికలోనే కోర్సులు, సెంటర్లు, బ్యాచ్‌లు కనిపిస్తాయి.

2. కౌన్సెలింగ్. మీరు ఏ పని ఎన్నాళ్లుగా చేస్తున్నారో అడుగుతారు. దానికి తగ్గ జాబ్ రోల్ నిర్ణయిస్తారు. ఇక్కడ తొందరపడొద్దు. మీరు పంపు ఆపరేషన్ చేస్తూ ఉంటే ‘ఏదో ఒకటి రాసేయండి’ అనకండి. రోల్ తప్పితే సర్టిఫికెట్ వచ్చినా పనికిరాదు.

3. ఓరియంటేషన్. కొద్ది గంటలపాటు పరీక్ష ఎలా ఉంటుందో, పద్ధతి ప్రకారం పని ఎలా చేయాలో, మీకు ఎక్కడ లోటుందో చెప్తారు.

4. పరీక్ష. రాతపరీక్ష, ప్రాక్టికల్, మౌఖికం ఉంటాయి. బయటి సంస్థ నుంచి వచ్చిన అసెసర్ నిర్వహిస్తారు. ప్రశ్నపత్రం తెలుగులో కావాలంటే బ్యాచ్ మొదలయ్యే ముందే అడగండి. పరీక్ష రోజు అడిగితే దొరక్కపోవచ్చు.

5. సర్టిఫికెట్. పాసైతే డిజిటల్ సర్టిఫికెట్ వస్తుంది. డిజీలాకర్‌లో దాచుకోవచ్చు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అసలుదో కాదో తేలిపోతుంది.

వయసు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండాలి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ స్కిల్ ఇండియా కార్యక్రమాన్ని 2026 మార్చి వరకు 8,800 కోట్ల రూపాయలతో కొనసాగించింది. ఏ రోల్‌కు ఎప్పుడు ఎక్కడ బ్యాచ్ ఉందన్నది మారుతూ ఉంటుంది. అందుకే బ్యాచ్ వివరాలు డిజిటల్ హబ్‌లోనే చూడండి. వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మి పైసలు కట్టకండి.

యాజమాన్యాలకు ఒక మాట. సిబ్బంది పనిచేసే చోటే ఆర్‌పీఎల్ నిర్వహించే పద్ధతీ ఉంది. పక్క పక్కనే ఉన్న రెండు మూడు ఆస్పత్రులో కాంప్లెక్సులో కలిసి అడిగితే బ్యాచ్‌కు సరిపడా మంది వస్తారు. గార్డు సెలవు పెట్టి, ఆ రోజు కూలి పోగొట్టుకోనక్కర్లేదు.

ముందే సిద్ధం చేసుకోవాల్సిన కాగితాలు

అనుభవం ఉందని నోటితో చెప్తే చాలదు. రుజువు కావాలి. చాలామంది దగ్గర ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉండదు. ఏజెన్సీ మూతపడి ఉంటుంది, లేదా సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తడు. అలాగని ఆగిపోవద్దు. ఇవి చూడండి:

– పీఎఫ్ పాస్‌బుక్. యూఏఎన్ నంబర్‌తో తీస్తే ఏ సంస్థలో ఏ నెల నుంచి ఏ నెల దాకా పనిచేశారో అందులోనే ఉంటుంది. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి దీనికి మించిన రుజువు లేదు.
– ఈఎస్ఐ కార్డు
– జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్
– పాత ఐడీ కార్డులు, డ్యూటీ రోస్టర్ ఫొటోలు
– మాక్ డ్రిల్ రిజిస్టర్‌లో మీ పేరున్న పేజీ, యాజమాన్యం అనుమతితో తీసుకున్న కాపీ
– ఆధార్, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా, ఫొటోలు, చదువు మెమోలు

పేరు విషయంలో జాగ్రత్త. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. ఆధార్‌లో ఒక్కోసారి ఇంటిపేరు పొడి అక్షరంగానో, చివర్లోనో ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంకో రకం. నైపుణ్య సర్టిఫికెట్ ఆధార్ పేరుతో వస్తుంది. కాబట్టి నమోదుకు ముందే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆధార్ కేంద్రంలో సరిచేయించుకుని ఆ తర్వాతే రిజిస్టర్ కండి. సర్టిఫికెట్ వచ్చాక మార్చుకోవాలంటే తిరగలేక చస్తారు.

ఇప్పటికీ పనిలో ఉన్నవాళ్లు ఈ నెలలోనే ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడగండి. ‘ఫైర్ గార్డుగా పనిచేశారు’ అని ఒక్క లైన్ రాయించుకుంటే లాభం లేదు. పంపు రూమ్ నిర్వహణ, ఎక్స్‌టింగ్విషర్ల తనిఖీ, అలారం ప్యానెల్ పర్యవేక్షణ, మాక్ డ్రిల్.. ఇలా చేసిన పనులు విడివిడిగా రాయించండి.

పరీక్షలో ఎక్కడ తడబడతారు?

పని బాగా వచ్చినవాళ్లు కూడా మాటల్లో చెప్పలేక మార్కులు పోగొట్టుకుంటారు. రోజూ చేసేదే అయినా దాని వెనక కారణం చెప్పగలగాలి. మూడు విషయాలు చూద్దాం.

మంటల రకాలు. మన దేశ ప్రమాణాల ప్రకారం కట్టె, బట్ట, కాగితం మంటలు ఏ తరగతి. పెట్రోల్, డీజిల్ లాంటి ద్రవాలవి బీ. గ్యాస్ మంటలు సీ. మండే లోహాలవి డీ. అమెరికా పద్ధతిలో మాత్రం సీ అంటే కరెంటు మంటలు. ఇంటర్నెట్‌లో దొరికే నోట్సులో, కొన్ని కోచింగ్ మెటీరియల్స్‌లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. మన పద్ధతిలో కరెంటుకు ప్రత్యేక తరగతి లేదు. ముందు సప్లై ఆపాలి, ఆ తర్వాత కాలుతున్న వస్తువును బట్టి ఆర్పాలి. సప్లై ఆపలేని చోట కార్బన్ డయాక్సైడ్ గానీ డ్రై పౌడర్ గానీ వాడాలి, నీళ్లు కొట్టొద్దు. ఇక్కడి పరీక్షకు మన పద్ధతి చెప్పండి. గల్ఫ్‌లో అమెరికా ప్రమాణాలు పాటించే కంపెనీ ఇంటర్వ్యూ అయితే వాళ్లది చెప్పండి. రెండూ తెలిసి ఉండటం మంచిది.

ఎక్స్‌టింగ్విషర్. పిన్ను లాగాలి, నాజిల్‌ను మంట మొదలుకు గురిపెట్టాలి, లీవర్ నొక్కాలి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. ఇది అందరికీ వచ్చు. తనిఖీ గురించి అడిగితేనే తడబాటు. గేజ్‌లో ముల్లు పచ్చ గీతలో ఉందా, సీలు ఉందా, తుప్పు పట్టిందా, ట్యాగ్ మీద తేదీ ఉందా అన్నది వరసగా చెప్పాలి. ఎంపిక, అమరిక, నిర్వహణ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 2190. ఈ నంబర్ గుర్తుంటే ఇంటర్వ్యూలో విలువ పెరుగుతుంది.

బీఏ సెట్. పొగలోకి వెళ్లేటప్పుడు వీపుకు తగిలించుకునే గాలి సిలిండర్ ఎంతసేపు వస్తుంది? లెక్క చిన్నదే. 6.8 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో గాలి నింపితే సుమారు 2,040 లీటర్లు. కష్టపడి పనిచేసే మనిషికి నిమిషానికి 40 లీటర్లు అనుకుంటే దాదాపు 50 నిమిషాలు. అందులోంచి బయటికి రావడానికి పట్టే సమయం, అత్యవసర నిల్వ తీసేయాలి. విజిల్ మోగే దాకా లోపల ఉండకూడదు, మోగేసరికి బయట ఉండాలి. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకోండి.

ప్రథమ చికిత్స కూడా అడుగుతారు. సీపీఆర్‌లో 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు శ్వాస ఇవ్వాలి. నొక్కే వేగం నిమిషానికి 100 నుంచి 120.

ఈ పనితనం ఇంకెక్కడ పనికొస్తుంది?

ఫైర్ ఉద్యోగం అంటే మంటలార్పడమే అనుకుంటారు. చూస్తే అందులో పది రకాల పనులున్నాయి. ఒక్కోటీ వేరే రంగంలో ఉపాధి చూపుతుంది.

– బీఏ సెట్, తాళ్లు, ముడులు తెలిసినవారికి: ఫ్యాక్టరీల ట్యాంకులు, మ్యాన్‌హోళ్ల లాంటి ఇరుకు చోట్ల భద్రత, ఎత్తులో జరిగే పనుల పర్యవేక్షణ
– పంపు, వాల్వ్, హైడ్రెంట్ తెలిసినవారికి: పెద్ద అపార్ట్‌మెంట్లు, ఐటీ భవనాల మెయింటెనెన్స్ విభాగం
– ప్రథమ చికిత్స తెలిసినవారికి: ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ కోర్సు చేసి అంబులెన్స్ సేవలు. దేశానికి దారి చూపిన 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాద్‌లోనే.
– ఫైరింజన్ నడిపినవారికి: హెవీ లైసెన్స్‌కు తోడు కమర్షియల్ వెహికల్ డ్రైవర్ నైపుణ్య సర్టిఫికెట్
– మాక్ డ్రిల్ నడిపించినవారికి: స్కూళ్లు, ఆస్పత్రుల్లో భద్రతా శిక్షకుడి పని
– వైర్‌లెస్, లాగ్‌బుక్ అలవాటున్నవారికి: కంట్రోల్ రూమ్ ఉద్యోగాలు

అందుకే సలహా ఏంటంటే, ఒక్క ఫైర్ సర్టిఫికెట్‌తో ఆగకండి. దానికి తోడు మీకు బాగా వచ్చిన ఇంకో పనికి కూడా గుర్తింపు తెచ్చుకోండి. నలభై ఐదేళ్లు దాటాక మెట్లెక్కి పరుగెత్తే ఉద్యోగం కష్టమైతే, కూర్చుని చేసే పనికో నేర్పే పనికో మారడానికి ఆ రెండో కాగితమే ఆసరా.

పదో తరగతి లేకపోతే?

చాలా జాబ్ రోల్స్‌కు కనీస చదువు అడుగుతారు. మధ్యలో బడి మానేసినవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా టెన్త్, ఇంటర్ రాసే అవకాశం ఉంది. డ్యూటీ చేసుకుంటూనే చదవొచ్చు. స్టడీ సెంటర్ ఎక్కడుందో దగ్గర్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో అడగండి. టెన్త్ పాసైతే ఇంకో లాభం కూడా ఉంది. గల్ఫ్ వెళ్లేవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం ఉండదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. నైపుణ్య సర్టిఫికెట్ మీద 3వ స్థాయి అని ఉన్నంత మాత్రాన అది టెన్త్ మెమో అయిపోదు. రెండూ వేర్వేరు.

కొత్తగా వచ్చే యువతకు

టెన్త్ పాసైనవారికి ఐటీఐల్లో ఫైర్ టెక్నాలజీ అండ్ ఇండస్ట్రియల్ సేఫ్టీ మేనేజ్‌మెంట్ అనే ఏడాది ట్రేడ్ ఉంది. పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. అన్ని ఐటీఐల్లో ఈ ట్రేడ్ ఉండదు, అడ్మిషన్ల ముందు జాబితా చూస్కోండి. ఇంజినీరింగ్ స్థాయిలో చదవాలంటే నాగ్‌పూర్‌లో 1957 నుంచి నడుస్తున్న జాతీయ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది. అది కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది.

ప్రభుత్వ ఫైర్‌మన్ ఉద్యోగం దారి వేరు. పోలీసు నియామక మండలి నోటిఫికేషన్, రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షల ద్వారానే ఎంపిక. 2022 నోటిఫికేషన్‌లో 610 ఫైర్‌మన్ పోస్టులు వచ్చాయి. ఎంపికైనవారిలో 483 మంది వట్టినాగులపల్లి శిక్షణ కేంద్రంలో శిక్షణ ముగించుకుని 2024 జూలైలో పాసింగ్ అవుట్ పరేడ్ చేశారు. ఏ ప్రైవేట్ డిప్లొమా చేసినా, ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ ఉన్నా ఈ ఉద్యోగం నేరుగా రాదు. ఎవరైనా ఇప్పిస్తామంటే అది మోసం.

డిప్లొమా పేరుతో పైసలు కట్టే ముందు

దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్‌కు పేరు. మెట్రో పిల్లర్ల మీద, బస్టాప్ గోడల మీద ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా పోస్టర్లు కనిపిస్తూ ఉంటాయి. అన్నీ మోసమని కాదు. అన్నీ గుర్తింపు ఉన్నవీ కాదు. ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. ఈ కోర్సు ఎన్‌క్యూఆర్ రిజిస్టర్‌లో ఉందా? కోడ్ నంబర్ చెప్పండి.
2. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్‌సీవీఈటీ గుర్తింపు ఉందా? లేదా సాంకేతిక విద్యామండలి, ప్రభుత్వ యూనివర్సిటీ ఇస్తున్నాయా?
3. పరీక్ష పెట్టేది మీరేనా, బయటి సంస్థనా?
4. ప్రాక్టికల్ గ్రౌండ్ ఎక్కడుంది? పంపు, హోస్, బీఏ సెట్ చూపించండి.
5. కట్టే ఫీజుకు రసీదు ఇస్తారా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు?

‘ఐఎస్ఓ సర్టిఫైడ్ సంస్థ’ అనే మాటకు మోసపోకండి. అది ఆ సంస్థ ఆఫీసు నిర్వహణ గురించి. మీ డిప్లొమాకు గుర్తింపు ఉన్నట్టు కాదు.

‘ఈ డిప్లొమాతో ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ అవుతారు’ అనే మాటా జాగ్రత్తగా వినండి. చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే డిగ్రీనో ఇంజినీరింగ్ డిప్లొమానో ఉండాలి, దానికి తోడు ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రతా డిప్లొమా ఉండాలి. ఆరు నెలల కోర్సుతో ఆ హోదా రాదు.

గల్ఫ్ వెళ్లాలనుకుంటే

విదేశీ ఉద్యోగాలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఆఫీసు. ఏ ఏజెంటుకైనా పాస్‌పోర్టు ఇచ్చే ముందు ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో చూడండి. చమురు కంపెనీలు, ఎయిర్‌పోర్టులు తమకు తాముగా అదనపు అంతర్జాతీయ సర్టిఫికెట్లు అడగొచ్చు. కంపెనీ పేరు, అడిగిన సర్టిఫికెట్ పేరు రాతపూర్వకంగా తీసుకున్నాకే దానికి ఫీజు కట్టండి.

తరచూ అడిగే ప్రశ్నలు

సర్టిఫికెట్ వస్తే జీతం పెరుగుతుందా?
పెంచాలని చట్టం లేదు. అయితే ఏజెన్సీ మారినప్పుడు మిమ్మల్ని మామూలు గార్డుగా లెక్కగట్టకుండా అడ్డుపడుతుంది. బేరమాడే బలం వస్తుంది.

ఫెయిలైతే ఉన్న ఉద్యోగం పోతుందా?
పోదు. అది మీ నైపుణ్య పరీక్ష, ఉద్యోగ పరీక్ష కాదు. లోటున్న చోట నేర్చుకుని మళ్లీ ప్రయత్నించొచ్చు.

ఆడవాళ్లు చేరొచ్చా?
తప్పకుండా. లేడీస్ హాస్టళ్లు, ప్రసూతి ఆస్పత్రులు ఎక్కువున్న మన ప్రాంతంలో శిక్షణ పొందిన మహిళా ఫైర్ గార్డుల అవసరం చాలా ఉంది.

ఎవరైనా ‘ఆర్‌పీఎల్ ఫీజు’ అని ఫోన్‌పే చేయమంటే?
చేయకండి. ఇప్పటికే పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఎవరిని అడగాలి?
ఎల్బీ నగర్, సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు వారు కొంగర కలాన్‌లోని రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్‌లో ఉపాధి కల్పన అధికారిని కలవొచ్చు. మలక్‌పేట, సైదాబాద్ వైపు వారు హైదరాబాద్ జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో అడగొచ్చు.

ఈ వారంలో చేయాల్సిన నాలుగు పనులు

1. పీఎఫ్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.
2. ఆధార్, టెన్త్ మెమో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందో చూడండి.
3. ఎన్‌క్యూఆర్‌లో మీ పనికి తగ్గ జాబ్ రోల్ వెతికి, పేరు, స్థాయి రాసుకోండి.
4. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో రిజిస్టర్ అయి, దగ్గర్లో బ్యాచ్ ఉందేమో చూడండి. లేకపోతే మీతో పనిచేసే నలుగురైదుగురి పేర్లు కలిపి యాజమాన్యం ద్వారా బ్యాచ్ కోసం లేఖ పెట్టించండి.

ఈ పీడీఎఫ్‌ను మీ డ్యూటీ గ్రూపులో, మీ కాంప్లెక్స్ గ్రూపులో పంపండి. ముఖ్యంగా నైట్ డ్యూటీలో ఉండే గార్డుకు చేరేలా చూడండి. చదవడం రానివారు ఉంటే చదివి వినిపించండి. మంట కనిపిస్తే మాత్రం ముందు 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.